ఊడ్చి పంపిన సాలీళ్ళు

మార్చి 3

బావగారికి,

నమస్కారాలు. అక్కకి కూడా చెప్పండి. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఇద్దరం అని అలవాటు కొద్దీ రాశాను గానీ, మూడో మనిషి కూడా లెక్కలోకి వచ్చి ఐదో నెల నడుస్తోంది.

కంపెనీవాళ్ళు ఎట్టకేలకు ఇల్లు ఇచ్చారు. గోదాము వెనక గోడకి ఆనుకునే ఉంది. పొద్దున్నే గేటు తియ్యాల్సిన స్టోర్ కీపరుని కాబట్టి దగ్గరుండాలన్నారు. ముందు గది, పడకగది, వెనక వంటగది. చాలాకాలం తాళం వేసి ఉంచిన ఇల్లు, మూల మూలకీ దుమ్ము. ముందు గదిలో కిటికీ పక్కన మీ చెల్లెమ్మ కుట్టుమిషను వేసుకుంది. పగలంతా అక్కడే కూర్చుని పుట్టబోయేవాళ్ళకి చొక్కాలు కుడుతోంది. ఇంకా పుట్టనివాళ్ళకి అన్ని చొక్కాలెందుకంటే, "మీరు మీ బూట్లు తుడుచుకోండి" అంటుంది.

అసలు విషయానికి వస్తాను. మొన్న గోడకున్న పాత కేలండరు తీశాను. దాని వెనక సాలీడు. నా అరచెయ్యంత ఉంది బావగారూ, అతిశయోక్తి కాదు. ఎవరో ఇస్త్రీ చేసి గోడకి అంటించినట్టు బల్లపరుపుగా ఉంది. గోధుమరంగు. పొట్ట కింద తెల్లటి బిళ్ళ ఒకటి పట్టుకుని ఉంది. నేను చెప్పు విసిరాను, తగల్లేదు. అది పక్కకి పరిగెత్తి పెట్టె వెనక్కి పోయింది. అంత వేగం నేను చూడలేదు. మీ చెల్లెమ్మ వచ్చి, "మిమ్మల్ని చూసి అదే దడుచుకున్నట్టుంది" అంది. ఆవిడకి నవ్వులాటగానే ఉంది. నాకు మాత్రం అప్పట్నుంచీ మంచం మీద కూర్చుంటే వీపు మీద ఏదో పాకుతున్నట్టే ఉంటోంది.

పక్కింట్లో మా ఆఫీసు టైపిస్టు ఉంటుంది. వాళ్ళ మేనమామని ఇలాంటిదే కరిస్తే వేలు తీసేశారట. మీరు మ్యూజియంలో ఇన్నేళ్ళుగా సాలీళ్ళతోనే కాపురం చేస్తున్నారు. ఇది విషమైనదా? కడుపుతో ఉన్న మనిషిని కరిస్తే ఏమవుతుంది? ఏం చెయ్యమంటే అది చేస్తాను. వెంటనే రాయండి.

మీ బావమరిది

మార్చి 9

ఒరే బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివి వినిపించింది. చెప్పు విసిరిన చోట నవ్వాగక కాగితం నా చేతికిచ్చేసింది. చిన్నప్పుడు బొద్దింకని చూసి బీరువా ఎక్కావట కదా, ఆ కథ కూడా చెప్పింది.

విషయం ఏమిటంటే, నువ్వు చూసింది గోడ సాలీడు. గూడు కట్టదు, బొద్దింకల్ని వేటాడి తింటుంది. ఆ తెల్లబిళ్ళ దాని గుడ్ల సంచి. అంటే అది కూడా మీ ఆవిడలాగే నెలలు నిండుతున్న మనిషి, కాస్త మర్యాదగా చూడు. దానివల్ల మీకు ఏ భయమూ లేదు. టైపిస్టుగారి మేనమామ వేలి సంగతి నాకు తెలియదు కానీ, సాలీడు కరిచింది అని చెప్పే పుళ్ళల్లో ముప్పాతిక మూడొంతులు సాలీడు మొహం చూడనివే.

ఇలాంటివి ఉత్తరంలో వర్ణిస్తే సరిపోదు. మనిషి వణుకుతూ చూస్తే వేలంత సాలీడు చేటంత అవుతుంది. కాబట్టి ఇల్లంతా ఒకసారి వెతుకు. దొరికినదాని మీద గ్లాసు బోర్లించు, కిందనుంచి అట్టముక్క దూర్చు, స్పిరిటు పోసిన మందు సీసాలో వేసి నాకు పంపు. చూసి చెప్తాను. నల్లగానో గోధుమగానో నిగనిగలాడుతూ, బఠాణీ గింజలాంటి గుండ్రటి పొట్టతో, నేలకి దగ్గరగా చిందరవందర గూట్లో తలకిందులుగా వేలాడేది కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టకు. దాని పొట్ట కింద ఎర్రగానో నారింజగానో డమరుకం ఆకారంలో గుర్తుంటుంది. అదొక్కటే నేను వేళాకోళం ఆడని సాలీడు.

ఇంత చెప్పినా నీ భయం తీరకపోతే నీ చేతిలో పనేగా. గోదాములో బస్తాల మీద కొట్టే మందు డబ్బాలు కొండల్లా పడుంటాయి. ఓ రెండు మోసుకొచ్చి ఇల్లంతా కొట్టెయ్. సాలీళ్ళేం ఖర్మ, పిలవని చుట్టాలు కూడా నీ గుమ్మం తొక్కరు. మీ అక్క కూడా రాదు, నేను సుఖపడతాను.

చెల్లెమ్మని బాగా చూసుకో. మిషను ఎక్కువసేపు తొక్కనివ్వకు.

నీ బావ

మార్చి 17

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చూశాక గుండె కుదుటపడింది. మీరు రాసినట్టే చేశాను. అటక మీద సామానంతా దింపి, మంచాలు గోడకి దూరంగా జరిపి, నోటికి గుడ్డ కట్టుకుని, మూల మూలా వదలకుండా పూర్తి చేశాను. నడుం పడిపోయింది. మీ చెల్లెమ్మ తలనొప్పి అని సాయంత్రం దాకా టైపిస్టుగారింట్లో కూర్చుంది. "అన్నయ్యగారు అన్నదేమిటి, మీరు చేస్తున్నదేమిటి" అని ఆవిడ ఏదో గొణిగింది కానీ, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినదలుచుకోలేదు.

మీరు చెప్పింది ఎంత నిజమో మర్నాడే తెలిసింది. ఈ సీసాలో పంపుతున్నది చూడండి. కుట్టుమిషను తొక్కుడు పలక కింద కనిపించింది. ఆవిడ పగలంతా పాదాలు పెట్టుకునే చోటు. దీన్ని పట్టుకోవడానికి కష్టపడనక్కర్లేకపోయింది, కదలకుండా వెల్లకిలా పడి ఉంది. పొట్ట గుండ్రంగా ఉంది. కింద నారింజ రంగు మచ్చ ఉంది. మీరు రాసిన డమరుకమేనా అని భూతద్దంతో చూశాను. నాకు అలాగే కనపడింది. దాని పక్కనే చిన్న ముళ్ళబంతిలాంటిది వేలాడుతుంటే అదీ వేశాను.

ఆవిడకి చూపించలేదు. ఖాళీ సీసా అని చెప్పాను. నిజం చెప్పండి బావగారూ, దాచకండి.

మీ బావమరిది

మార్చి 24

ఒరే,

ఈ ఉత్తరం మ్యూజియం కాగితం మీద రాస్తున్నాను, అవసరమైతే ఎవరికైనా చూపించడానికి పనికొస్తుందని.

నువ్వు పంపింది విషసాలీడే. గోధుమరంగు జాతి, పెరిగిన ఆడది. డమరుకం నువ్వు సరిగ్గానే గుర్తుపట్టావు. నేను కూడా ఒక్క చూపులో చెప్పలేదు, రెండుసార్లు చూసి మా పాత నమూనాల పక్కన పెట్టి మరీ చెప్తున్నాను. ఉమ్మెత్తకాయకి బుల్లి తమ్ముడిలా ఉన్న ఆ ముళ్ళబంతి దాని గుడ్ల సంచి. అలాంటి సంచి మరే సాలీడుకీ ఉండదు. నిజం చెప్పొద్దూ, ఇంత చక్కటి నమూనా మా దగ్గర లేదు. మీ అక్క నన్ను కసిరింది, "వాడక్కడ హడలి ఛస్తుంటే మీకు చక్కదనం కనపడిందా" అని.

హడలిపోకు. ఇది పిరికిది. ఒంటికీ గోడకీ మధ్య నలిగితే తప్ప కరవదు. ఒకవేళ కరిస్తే గుర్తుపట్టడానికి రాస్తున్నాను: కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఒళ్ళంతా చెమటలు, వాంతులు, కండరాలు బిగుసుకుపోవడం. కరిచిన చోట గాటు ఒక్కోసారి కనిపించనే కనిపించదు. అలాంటిదేమైనా ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళి ఈ కాగితం డాక్టరుకి చూపించు.

ఇక నువ్వు చేసిన పని. శభాష్. భయస్థుడివి అనుకున్నాను గానీ ఒక్క మూల వదలకుండా చేశావు. తాళం వేసిన ఇల్లు కదా, ఆ దుమ్ముకి చెల్లెమ్మకి తలనొప్పి రావడంలో వింత లేదు. ఒకసారితో వదిలెయ్యకు. ఆ సంచిలోంచి ఇంతకుముందే పిల్లలు బయటపడి ఉంటే మళ్ళీ కనిపిస్తాయి. వారానికొకసారైనా ఇలాగే చేస్తూ ఉండు.

నీ బావ

ఏప్రిల్ 2

బావగారికి,

అక్కకి వెంటనే చెప్పొద్దు. ముందు మీరు చదవండి.

మీరు భయపడినంతా అయింది. శుక్రవారం మధ్యాహ్నం గోదాములో లారీకి బస్తాలు ఎక్కిస్తుంటే టైపిస్టుగారు పరిగెత్తుకుంటూ వచ్చి పిలిచింది. వెళ్ళేసరికి మీ చెల్లెమ్మ మిషను మీద తల ఆనించుకుని ఉంది. జాకెట్టు తడిసి ముద్దయింది, ఎవరో కుండతో నీళ్ళు పోసినట్టు. కడుపు పట్టుకుని "మెలిపెడుతోంది" అంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. మీరు రాసిన మాటలు ఒక్కొక్కటే నా కళ్ళముందు జరుగుతున్నట్టు అనిపించింది.

రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. "ఏం జరిగింది?" అన్నాడు డాక్టరు. "సాలీడు కరిచింది" అన్నాను. ఆయన కొంచెం అనుమానంగా చూశాడు. అప్పుడు మీ కాగితం తీసి ఇచ్చాను. మ్యూజియం ముద్ర చూసి కూర్చుని చదివాడు. తరవాత ఇంకేమీ అడగలేదు. నొప్పికి సూది వేశారు, సెలైను పెట్టారు. గాటు కోసం నర్సు ఒళ్ళంతా వెతికింది. దొరకలేదు. కనిపించకపోవచ్చని మీరు ముందే రాశారు కదా.

మర్నాటికి తేరుకుంది. ఆ పై రోజు గంజి తాగింది, నర్సుతో జోకులు వేసింది. లోపల బిడ్డ బాగానే ఉందన్నారు. ఇంటికి తీసుకొచ్చాను. మీ చలవ వల్ల గండం గడిచింది. ఆ కాగితమే లేకపోతే వాళ్ళు ఏ అజీర్తో అని పంపించేసేవాళ్ళు.

ఇక వారానికొకసారి కుదరదు బావగారూ. రోజు విడిచి రోజు చేస్తున్నాను. నేనుండగా ఇంకొకటి ఆవిడ దాకా రాకూడదు.

మీ బావమరిది

ఏప్రిల్ 8

ఒరే బావమరిదీ,

చెప్పకుండా ఎలా ఉంటాను. మీ అక్క నా మొహం చూసే కనిపెట్టింది. అప్పట్నుంచీ ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి కళ్ళొత్తుకుంటోంది, అది పొగకే అని నమ్మినట్టు నేను నటిస్తున్నాను.

నువ్వు చేసింది సరైన పనే. సాధారణంగా ఈ గోధుమరంగుది కరిస్తే అంత తీవ్రంగా ఉండదు. నలుపుదానితోనే అలా అవుతుంది. కడుపుతో ఉన్న మనిషి కాబట్టి అలా అయిందేమో. లేదా ఇంట్లో నలుపుది కూడా ఉందేమో. అది నన్ను కాస్త కలవరపెడుతోంది. పుస్తకాలన్నీ తిరగేస్తున్నాను.

రోజు విడిచి రోజు ఇల్లంతా గాలించడం నీ ఒంటికి మంచిది కాదు, అయినా ఇప్పుడు వద్దనలేను. బూట్లు వేసుకునేముందు దులుపు. దుప్పట్లు దులుపు. ఆవిడని మిషను దగ్గరికి పోనివ్వకు, పడకగదిలోనే విశ్రాంతిగా ఉండమను. ఇప్పటినుంచీ ఏది దొరికినా పారెయ్యకు. చిన్నదీ పెద్దదీ చూడకు, మొత్తం పంపు. ఇంట్లో ఏమేం ఉన్నాయో తెలిస్తే దేనికి భయపడాలో తెలుస్తుంది.

నీ బావ

ఏప్రిల్ 15

బావగారికి,

మీరు చెప్పినట్టే పడకగది దాటనివ్వలేదు. అయినా మళ్ళీ అయింది.

ఈసారి ఇంకా ఎక్కువ. నోట్లో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి, తువ్వాలు పట్టుకుని కూర్చుంది. చేతి కండలు చర్మం కింద పురుగులు కదిలినట్టు వాటంతటవే అదిరాయి. "సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్నానండీ, అంతా మసకగా ఉంది" అంది. కళ్ళలోకి చూశాను. నల్లపాప ఆవగింజంత అయిపోయింది. మళ్ళీ ఆస్పత్రిలో చేర్చాను. డాక్టరు మీ కాగితం ఆవిడ ఫైలులోనే ఉంచాడు, రెండో కాటు అని రాసుకున్నాడు.

ఒక సంగతి నాకు అర్థమైంది బావగారూ. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ బాగుంటుంది. ఇంటికి తెచ్చాక పది పన్నెండు రోజులకే మళ్ళీ పడింది. అంటే అది ఇంట్లోనే ఎక్కడో దాక్కుని ఉంది. పడకగదిలోనే. ఇన్ని డబ్బాలు అయిపోయినా చావకుండా ఎక్కడుంటుందా అని ఆలోచించి ఆలోచించి కనుక్కున్నాను. పరుపులో. పరుపు కుట్లలో గుడ్లు పెట్టి ఉంటుంది. నా బుద్ధికి ఇన్నాళ్ళూ తట్టలేదు.

అందుకని ఆవిడ ఆస్పత్రిలో ఉండగానే ఈ పని తేల్చేస్తున్నాను. కిటికీ సందులకి కాగితాలు అంటించాను. పరుపు విప్పి దూది లోపలిదాకా తడిపాను. నీళ్ళు కలపకుండానే. దిండ్లు, ఆవిడ బట్టల పెట్టె, కుట్టిన చొక్కాలు కూడా వదల్లేదు. రోజూ తలుపులు మూసి ఉంచుతున్నాను. ఇప్పుడు మా ఇంట్లో చీమ లేదు, ఈగ లేదు. గోడ మీద బల్లి కూడా రాలి పడింది. నాకు కాస్త తలనొప్పి, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది, తిండి వేళకి లేక అనుకుంటాను.

మీరు అడిగారని ఊడ్చినదంతా పెద్ద సీసాలో వేసి, మూతకి ఆ పరుపు దూదే కుక్కి పంపుతున్నాను. సోమవారం సాయంత్రం ఆవిడని ఇంటికి తెస్తాను. దానికి ముందు ఆదివారం భోజనం చేశాక ఆ పరుపు మీద నేనే కాసేపు పడుకుని చూస్తాను. కరిస్తే నన్ను కరవనీ, ఆవిడని కాదు.

మీ బావమరిది

టెలిగ్రాం
ఏప్రిల్ 19

సాలీడు కాదు. గోదాము మందు. చెల్లెమ్మని ఇంటికి తేవద్దు. నువ్వు లోపలికి వెళ్ళొద్దు. పరుపు ముట్టుకోవద్దు. ఈ కాగితం డాక్టరుకి చూపించు. అక్క బయలుదేరింది. బావ.

ఏప్రిల్ 19

ఒరే,

టెలిగ్రాం ఇచ్చి వచ్చాను. అది నీకు సమయానికి చేరిందో లేదో తెలియకుండా ఇది రాస్తున్నాను. చేరే ఉంటుంది. చేరకపోతే అన్నది రాయలేను.

నీ సీసా పొద్దున వచ్చింది. ఉత్తరం విప్పకుండా ముందు సీసానే తీశాను, నా జబ్బు అది. బల్ల మీద తెల్ల పళ్ళెంలో బోర్లించాను. గోడ సాలీళ్ళున్నాయి. స్నానాల గదుల్లో పైకప్పుకి వేలాడే పొడుగు కాళ్ళవి ఉన్నాయి. కిటికీల దగ్గర ఎగిరే గెంతుడు సాలీళ్ళున్నాయి. తోటలో తప్ప ఇంట్లోకి రానివి కూడా ఉన్నాయి. వాటి మధ్య చీమలు, ఓ తేనెటీగ, బల్లిపిల్ల. ఇవేవీ ఒకదాని గడప ఒకటి తొక్కేవి కావు. అన్నీ కాళ్ళు ముడుచుకుని ఒకే చోట, ఒకే రకంగా చచ్చిపోయి ఉన్నాయి. ఎంత వెతికినా విషసాలీడు ఒక్కటి కూడా లేదు.

ఇవన్నీ కలిసి ఎలా చచ్చాయి అని ఆలోచిస్తూ, మూతకి పెట్టిన దూదిని వేళ్ళతో తీసి వాసన చూశాను. జిడ్డుగా ఉంది. కుళ్ళిన వెల్లుల్లి వాసన. కాసేపటికి భూతద్దంలో అంతా మసకబారింది. అద్దం మురికి అనుకుని తుడిచాను. మీ అక్క కాఫీ తెచ్చి "కిటికీలోంచి ఎండ కొడుతుంటే చీకటిగా ఉందంటారేమిటి" అంది. లేచి అద్దంలో చూసుకున్నాను. నా కంట్లో నల్లపాప ఆవగింజంత ఉంది.

అప్పుడు విప్పాను నీ ఉత్తరం.

సాలీడు కాటుకి చెమటలు పడతాయి, కడుపులో మెలిపెడుతుంది. కంటిపాప అలా సూది బెజ్జమంత అవదు. ఆ ఒక్క మాటా ముందే రాయాల్సినవాణ్ణి. "మీరు రాసినట్టే చేశాను" అన్నావు. వెతికావనుకున్నాను. శభాష్ అన్నాను, మళ్ళీ మళ్ళీ చెయ్యమన్నాను. పాత ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి మీ అక్క చదివింది. బట్టలు సర్దుకుని బండెక్కింది.

నేను కూడా వస్తాననే లేచాను. గుమ్మం దాకా వెళ్ళేసరికి కాళ్ళు తేలిపోయాయి. డాక్టరు వచ్చి కదలొద్దన్నాడు. మంచం మీద పడుకుని రాస్తున్నాను.

నీ బావ

ఏప్రిల్ 27

అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీకు నేనెప్పుడూ ఉత్తరం రాయలేదు. ఆయన రాసే ఉత్తరాల్లో నేనన్న మాట ఏదో ఒకటి కలిపేవారు, అంతే. ఇప్పుడు ఆయన చెయ్యి పెన్ను పట్టేలా లేదు, అందుకని నేను రాస్తున్నాను. ఆయన బతికే ఉన్నారు. ముందు అది చెప్పమని వదిన అంటున్నారు.

మీ టెలిగ్రాం ఆయన చదవలేదు. ఆదివారం మధ్యాహ్నం టెలిగ్రాం మనిషి వచ్చేసరికే ఆయన పరుపు మీద పడుకుని ఉన్నారు. తలుపు ఎంత కొట్టినా తియ్యలేదట. టైపిస్టుగారు బయటికి వచ్చి, సైకిలు ఇక్కడే ఉంది, లోపలే ఉంటారు, కింద సందులోంచి వేసి వెళ్ళిపో అందట. ఆ టెలిగ్రాం మనిషి ఒప్పుకోలేదు. సంతకం పెట్టించుకోకుండా ఇవ్వకూడదన్నాడు. వెనక్కి తిరిగివెళ్తే మళ్ళీ రావాలి, ఎండ మండిపోతోంది, అందుకే విసుగ్గా ఇంకా గట్టిగా కొట్టాడట. చివరికి కిటికీకి అంటించిన కాగితం గోటితో చింపి లోపలికి చూశాడు. గోదాము హమాలీలు వచ్చి తలుపు బద్దలు కొట్టారు.

నేను అప్పుడు వార్డులో బట్టలు మడత పెట్టుకుంటున్నాను, మర్నాడు ఇంటికి వెళ్ళాలి కదా అని. వరండాలో స్ట్రెచరు వెళ్తుంటే ఎవరో పాపం అనుకున్నాను. బూట్లు చూసి గుర్తుపట్టాను. నోట్లోంచి నురుగు వస్తోంది. డాక్టరు చూడగానే "ఈయన్ని కూడా కరిచిందా" అన్నాడు. నా ఫైలులోంచి మీ మ్యూజియం కాగితం తీయబోతుంటే, వెంట వచ్చిన ఆ టెలిగ్రాం మనిషి, "ఇది వీళ్ళదేనండీ, ఎవరో ఒకరు సంతకం పెట్టండి" అని కవరు చాపాడు. నేను విప్పి డాక్టరుకి ఇచ్చాను. అది చదివి వేరే సూదులు మొదలుపెట్టారు.

మూడు రోజులు ఊపిరి యంత్రం మీద ఉంచారు. ఇప్పుడు మాట్లాడుతున్నారు, ముద్ద ముద్దగా. గ్లాసు పట్టుకోలేరు. కాళ్ళలో బలం ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు. నన్ను కూడా పరీక్ష చేశారు. బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నారు. "మిగతాది పుట్టాకే చూడాలి" అన్నాడు డాక్టరు. ఆ మాట అంటూ నా మొహం వైపు చూడలేదు. కదలిక తెలిసినప్పుడల్లా సంతోషించాలో, ఆ కదలిక సరిగ్గా ఉందా లేదా అని భయపడాలో నాకు అర్థం కావడం లేదు.

మీరు నవ్వులాటకి రాశారని నాకు మొదటిరోజే తెలుసు. ఆయనతో అన్నాను, "అన్నయ్యగారు వేళాకోళం ఆడుతున్నారండీ" అని. "ప్రాణాల సంగతిలో వేళాకోళం ఎవరాడతారు?" అన్నారు. తరవాత మీ దగ్గర్నుంచి శభాష్ అని ఉత్తరం వచ్చింది. అది నా చేతికిచ్చి చదవమన్నారు. నేనింక నోరెత్తలేదు. మిమ్మల్ని దెప్పడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పేవాళ్ళు ఒకరుండాలి కదా అని రాస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆయనకింకా తెలియదు. తనని కూడా సాలీడే కరిచిందనుకుంటున్నారు. కళ్ళు తెరవగానే "ఏది? దొరికిందా?" అని అడిగారు. మంచం కింద చూడమని ఆయాని రోజూ బతిమాలతారు. నిన్న నా చెయ్యి పట్టుకుని, "నేను లేచేదాకా నువ్వు ఇంటికి వెళ్ళకు, ఇంకొక్కసారి మందు కొట్టించాలి" అన్నారు. నన్ను కాపాడాననే ఆయన ధైర్యం. నాకూ బిడ్డకీ ఇలా చేసింది తన చేతులేనని తెలిస్తే ఆయన తట్టుకోలేరు. చెప్పకపోతే కాళ్ళలోకి బలం రాగానే మళ్ళీ ఆ డబ్బా తెస్తారు. వదిన చెప్పబోయి రెండుసార్లు వరండాలోకి వెళ్ళి ఏడ్చి వచ్చారు.

మీ మాట అంటే ఆయనకి గురి. మీరే ఏదో ఒక సాలీడు పేరు రాసి పంపండి. ఫలానాది కరిచింది, అది చచ్చిపోయింది, ఇక ఆ జాతి ఆ ఇంట్లో లేదు, మందు అక్కర్లేదు అని. మ్యూజియం కాగితం మీద రాస్తే నమ్ముతారు.

మీ చెల్లెలు

మే 2

ఒరే బావమరిదీ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. బస్సులో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. డాక్టరు ఇంకో రెండు రోజులు ఆగమన్నాడు. ఆగలేదు.

నిన్ను ఏ సాలీడు కరిచిందో రాసి పంపమని చెల్లెమ్మ అడిగింది. నిన్న మ్యూజియం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పేర్లకేం కొరత, నా దగ్గర బీరువాలు నిండా ఉన్నాయి. ఒకటి రాశాను కూడా. విషం లేనిది, నీకు భయం కలిగించనిది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఈ కాగితం మీద నేను రాసిన మాట చూసే డాక్టరు ఇంకేమీ అడగడం మానేశాడు. మళ్ళీ అదే కాగితం మీద అబద్ధం రాయలేకపోయాను. చింపేశాను. ఇది మామూలు తెల్లకాగితం.

నిన్ను ఏ సాలీడూ కరవలేదు. చెల్లెమ్మని కూడా కరవలేదు. మిషను కింద దొరికిన ఆ ఒక్కటి నిజంగా విషమైనదే, కానీ నువ్వు చూసేసరికే అది చచ్చిపోయింది. ఎవరినీ ఏమీ చెయ్యకుండానే పోయింది. మీ ఇద్దర్నీ పడేసింది నువ్వు తెచ్చిన మందు. గోదాములో ఎత్తైన కప్పు కింద, గాలి ఆడే చోట, బస్తాల మీద కొట్టేది, మూడు గదుల ఇంట్లో తలుపులు మూసి కొట్టావు. అది ఒంట్లోకి చర్మంలోంచే వెళ్తుంది. అందుకే ఆస్పత్రిలో తేరుకుని ఇంట్లో పడిపోయింది. ఇది అర్థమయ్యాక నీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకూ అలాగే ఉంది. నీ చేత కొట్టించిన మాట నాది, కొట్టిన చెయ్యి నీది. ఇందులో ఎవరి వాటా ఎంతో తేల్చుకోవడానికి మనిద్దరికీ చాలా ఏళ్ళున్నాయి. ఇవాళ అది వద్దు.

ఆ ఇంటికి ఇక ఎవరూ వెళ్ళరు. పరుపు, బట్టలు, చిన్న చొక్కాలు, ఏదీ తెచ్చుకోరు. కంపెనీవాళ్ళతో నేను మాట్లాడతాను. బిడ్డ సంగతి నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. బాగుంటుందని రాస్తే నువ్వు నమ్ముతావు, అందుకే రాయడం లేదు.

బస్టాండు నుంచి నేరుగా ఆస్పత్రికి వస్తాను. చెల్లెమ్మనీ మీ అక్కనీ కాసేపు బయట కూర్చోమంటాను. ఇది నీ చేతికిచ్చి, నువ్వు చదువుతున్నంతసేపూ మంచం పక్కనే ఉంటాను. నీకు కాగితం పట్టుకోవడం రాకపోతే నేను పట్టుకుంటాను.

నీ బావ